పెరట్లో వనరాజా పెంచాలా, నాటుపెట్టలతోనే సాగాలా?

నల్గొండ పెరడు:

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనక ఐదారు గుంటల దొడ్డి ఉంది. అందులో ఒక పుంజు, ఎనిమిది నాటుపెట్టలు తిరుగుతుంటాయి. చూసుకునేది మా అత్తమ్మ. పొద్దున్నే గంప లేపడం, గుప్పెడు నూకలు చల్లడం, పొద్దుగూకాక మళ్ళీ కమ్మడం. అంతకు మించి వాటికి చేసేది ఏమీ లేదు.

ఇప్పుడు మా మహిళా సంఘంలో వనరాజా పిల్లలు ఇప్పిస్తామని పేర్లు రాసుకుంటున్నారు. నాలుగు వారాలు పెంచిన పిల్లలు, ఇంటికి ఇరవై. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధన సంస్థ తయారు చేసిన రకం, గుడ్లకూ మాంసానికీ రెండింటికీ పనికొస్తుంది అని చెప్పారు. నాటువి అమ్మేసి మొత్తం ఇవే పెడదామని మా ఆయన అంటున్నారు. అత్తమ్మ ససేమిరా అంటోంది. "పొదగని కోడి ఇంట్లో ఎందుకు" అని ఆమె ఒకే మాట.

పేర్లు ఇవ్వడానికి ఇంకా వారం గడువుంది. పెంచినవాళ్ళు ఉంటే లాభనష్టాలు చెప్పండి. విన్నది కాదు, చూసింది చెప్పండి.

కరీంనగర్ నర్సరీ:

అక్కా, ఆలోచించకుండా పేరు రాయించండి. నేను ఒకరోజు పిల్లలు తెచ్చి, బల్బుల కింద నాలుగైదు వారాలు పెంచి ఊళ్ళలో ఇస్తుంటాను. ఇది నా వ్యాపారం, ముందే చెప్తున్నా.

నాటుపెట్ట ఏడాదికి 50, మహా అయితే 60 గుడ్లు పెడుతుంది. వనరాజా బయట తిరిగి మేస్తూనే 100 నుంచి 110 దాకా పెడుతుంది. గుడ్డు సైజు కూడా పెద్దది, రంగు నాటుగుడ్డు లాగే గోధుమ రంగు. ఇక పుంజులంటారా, ఆరు వారాలకే 650, 700 గ్రాములు తూగుతాయి. నాటుపుంజు కిలో దాటడానికి నాలుగైదు నెలలు పడుతుంది, ఆ వయసుకి వనరాజా పుంజు రెండు కిలోలకు వస్తుంది. బ్రాయిలర్ లాగా పెద్ద షెడ్డు, బస్తాల కొద్దీ దాణా అక్కర్లేదు. కాళ్ళు పొడుగ్గా ఉన్నవాటిని తరతరాలుగా ఏరి తీశారు, పెరట్లో పరుగెత్తి తప్పించుకోవాలని. రంగురంగుల ఈకలు కాబట్టి తెల్లకోడిలా దూరం నుంచే గద్ద కంట్లో పడదు. ఇవన్నీ పెరటి కోసం ఆలోచించి చేసినవే.

గోదారి పుంజులు:

మాది భీమవరం దగ్గర. తాతల నాటి నుంచి ఇంట్లో అసీల్ కోళ్ళు ఉన్నాయి. పందెం సంగతి పక్కన పెట్టండి, పెరటి కోడిగానే మాట్లాడతాను.

తమ్ముడూ, నువ్వు చెప్పిన అంకెలు కాదనను. కానీ ఆ 110 గుడ్లు పెట్టిన తర్వాత ఏమిటి? ఏడాది, ఏడాదిన్నర బాగా పెడుతుంది, తర్వాత తగ్గుతుంది. అప్పుడు మళ్ళీ పిల్లలు ఎవరిస్తారు? ప్రతి ఏడాదీ సంఘం ఇవ్వదు. మీ నర్సరీకే రావాలి. వనరాజాకి పొదుగు గుణం దాదాపు లేకుండా చేశారు, గుడ్డు పెట్టి వెళ్ళిపోతుంది. పోనీ ఆ గుడ్లే తీసి వేరే పెట్ట కింద పెడదామా అంటే, అది రెండు వేరువేరు లైన్లు కలిపి తీసిన క్రాస్. దాని పిల్లల్లో ఒకటి తాత పోలిక, ఒకటి అమ్మమ్మ పోలిక. ఒకటి తొందరగా బరువెక్కుతుంది, ఇంకొకటి ఎదగనే ఎదగదు.

నాటుపెట్ట అలా కాదు. తన పిల్లల్ని తనే లేపుకుంటుంది. గద్ద నీడ పడితే ఒక్క అరుపు అరుస్తుంది, పిల్లలన్నీ ముళ్ళకంచె కిందకి దూరతాయి. మీ బల్బు కింద పెరిగిన పిల్లకి ఆ అరుపు ఎవరు నేర్పుతారు? నాలుగు వారాల పిల్లను తెచ్చి పెరట్లో వదిలితే మొదటి పది రోజుల్లోనే సగం ముంగిసలకీ కుక్కలకీ పోతాయి. ఎన్ని ఇళ్ళలో చూశానో.

కరీంనగర్ నర్సరీ:

నాలుగు వారాల పిల్లను తెచ్చిన రోజే బయటికి వదలమని ఎవరన్నారు అన్నా? రెండు వారాలు వలకట్టిన చోట ఉంచి, ఇల్లు అలవాటయ్యాక సాయంత్రం పూట గంటసేపు వదలాలి. అలా చేసిన ఇళ్ళలో ఇరవైకి పదహారు, పదిహేడు నిలుస్తున్నాయి. నాటుకోడి పిల్లలు ఎన్ని నిలుస్తున్నాయో మీరు చెప్పండి. పన్నెండు పిల్లలతో దిగిన పెట్ట వెనక రెండు నెలలకు ఎన్ని ఉంటాయి? నాలుగా, ఐదా?

లెక్కల మాస్టారు:

ఇద్దరూ గుడ్ల మీద పోట్లాడుకుంటున్నారు. కానీ నాటుకోడిని గుడ్లతో కొలవడం దగ్గరే లెక్క తప్పుతోంది అనిపిస్తుంది నాకు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను, ఇంటి దగ్గర కోళ్ళున్నాయి, అందుకే కాస్త ఓపిగ్గా రాస్తున్నా.

నాటుపెట్ట ఒక విడతలో 12 నుంచి 15 గుడ్లు పెడుతుంది. దానికి మూడు వారాలు అనుకోండి. తర్వాత 21 రోజులు పొదుగు. తర్వాత రెండు నెలలు పిల్లల్ని తిప్పుతుంది. అంటే ఒక విడతకి మొత్తం మూడు నెలల పైనే. ఏడాదికి మూడు, మూడున్నర విడతలు. అందుకే 50 గుడ్లు. ఆ పెట్టకి చేతగాక 50 పెట్టడం లేదు, ఏడాదిలో ముప్పాతిక భాగం వేరే పనిలో ఉండి 50 పెడుతోంది. ఇంక్యుబేటర్, బ్రూడర్, బల్బు, కరెంటు, కాపలా, ఇవన్నీ అదే. వనరాజాలో ఆ పనిని నర్సరీకి అప్పగించి, మిగిలిన రోజుల్లో గుడ్లు పెట్టించారు. నర్సరీకి ఇచ్చే డబ్బు ఆ పనికి కూలి అన్నమాట. ఆ కూలి లెక్కలో వేయకుండా 50 కీ 110 కీ పోటీ పెట్టకూడదు.

అలాగని గోదారి గారి వైపు కూడా పూర్తిగా లేను. నాటుకోడి గుడ్డు మనం తినేది తక్కువ, పొదిగించేది ఎక్కువ. కాబట్టి దాని దిగుబడి అంటే గుడ్లు కాదు, రెండు నెలలు దాటిన పిల్లలు. నర్సరీ తమ్ముడు అడిగిన ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పాలి. పన్నెండు గుడ్లు పెడితే తొమ్మిదో పదో పిల్లలు దిగుతాయి. రెండు నెలలకు నాలుగైదు మిగులుతాయి. మిగతావి పోయేది మూడు దారుల్లో: గద్దా కాకీ, వానకు తడిసి ముడుచుకోవడం, కొక్కెర అనే అంటు తెగులు. ఆ నాలుగైదుని ఏడెనిమిది చేయగలిగితే, ఏ కొత్త రకమూ తేకుండానే అదే పెట్ట మీద ఆదాయం దాదాపు రెట్టింపు అవుతుంది.

నన్నడిగితే నల్గొండ గారు ఆలోచించాల్సింది ఏ రకం అని కాదు, మొదటి ఎనిమిది వారాలు పిల్లల్ని ఎలా కాపాడాలి అని. అది చేయని ఇంట్లో నాటుదీ నిలవదు, వనరాజా కూడా నిలవదు.

మన్యం బాట:

మాస్టారు గారు చెప్పింది మా ఊళ్ళలో కళ్ళారా కనిపిస్తుంది. మాది అల్లూరి జిల్లా. మా దగ్గర కోడిపెట్టను వాటాకి ఇస్తారు. ఇల్లు లేనిదానికో, కొత్తగా పెళ్ళయినదానికో ఒక పెట్టను ఇస్తే, అది దింపిన పిల్లల్లో సగం ఇచ్చినవాళ్ళకి, సగం పెంచినవాళ్ళకి. చేతిలో రూపాయి లేకుండా కోళ్ళు సంపాదించుకునే దారి అది. పొదగని కోడిని వాటాకి ఎలా ఇస్తారు? గుడ్లు పంచుకుంటారా? వనరాజా వచ్చిన ఇళ్ళలో మొదట ఆగిపోయేది ఈ ఇచ్చిపుచ్చుకోవడమే.

మొక్కు ఉంటే మా ఇళ్ళలో అమ్మవారికి నాటుపుంజునే ఇస్తాం. ఎర్రపుంజు అనుకుంటే ఎర్రపుంజే. దీనికి ఏ లెక్కలోనూ విలువ కట్టలేరు కానీ కోళ్ళు పెంచేది అందుకు కూడా.

తొలకరికి ముందు తెగులు వస్తే మాత్రం ఊరంతా గంపలు ఖాళీ అవుతాయి. ఆ బాధ నిజమే.

పశుమిత్ర:

నేను ఊళ్ళు తిరిగి టీకాలు వేస్తాను. రకం ఏదైనా సరే, ఇది చదివి పెట్టుకోండి.

కొక్కెర తెగులుకి మందు లేదు, టీకా ఒక్కటే దారి. పిల్ల దిగిన ఐదు నుంచి ఏడు రోజుల్లో లసోటా అనే టీకా, కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క. నాలుగు వారాలప్పుడు మళ్ళీ లసోటా. ఎనిమిది నుంచి పది వారాల మధ్య ఆర్‌టూబీ అనే టీకా సూది, అరసీసీ, రెక్క కింద చర్మంలోకి. దానికి వారం ముందు నట్టల మందు తాగించాలి. ఆరు వారాల లోపు పిల్లకి ఆర్‌టూబీ వేయకూడదు, అది ఘాటైన టీకా, పిల్ల తట్టుకోలేదు. గుడ్లు పెడుతున్న పెట్టకి వేస్తే కొన్నాళ్ళు గుడ్లు తగ్గుతాయి, కాబట్టి గుడ్లకు రాకముందే వేయించాలి. మశూచి టీకా వేరే, అది రెక్క పొరలో గుచ్చుతాం.

అసలు చిక్కు ఎక్కడంటే, టీకా సీసాలో వంద డోసుల పైనే ఉంటాయి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, ఐసు మీదే ఉంచాలి. ఎనిమిది కోళ్ళున్న ఇంటికి ఎవరు సీసా విప్పుతారు? అందుకే నాటుకోళ్ళకి టీకా పడదు, నర్సరీ పిల్లలకి పడుతుంది. వనరాజా తెగులుకి ఆగుతుంది, నాటుది పోతుంది అని మీరు చూసే తేడాలో చాలా భాగం ఇదే. రకం బలం కన్నా సీసా బలం ఎక్కువ.

గోదారి పుంజులు:

పశుమిత్ర గారూ, ఈ మాట ఇన్నాళ్ళకు ఒకరు సూటిగా అన్నారు. నాటుకోడికి ఆ నాలుగు టీకాలూ వేసి, అప్పుడు పోల్చండి. ఎవరూ పోల్చరు. టీకాలు వేసి, నెలరోజులు మంచి దాణా పెట్టి పెంచిన పిల్లను ఒకవైపు, ఏమీ చేయని పిల్లను ఇంకోవైపు పెట్టి, చూశారా మా రకం ఎంత గొప్పదో అంటారు.

కరీంనగర్ నర్సరీ:

ఆ సంస్థ వాళ్ళు నాటుజాతులకి శత్రువులన్నట్టు మాట్లాడకండి అన్నా. రాజేంద్రనగర్‌లోనే అసీల్, ఘాగస్, నికోబారీ కోళ్ళను కూడా కాపాడుతూ పెంచుతున్నారు. పోల్చడం గురించి అంటే, మా ఊళ్ళో ఒకే ఇంట్లో రెండూ ఉన్న చోట చూశాను. రెండింటికీ టీకాలు పడ్డాయి. గుడ్లు వనరాజావే ఎక్కువ, మాంసం వనరాజాదే ఎక్కువ. పిల్లలకి గుడ్డు పెట్టాలి, వారానికోసారి కూర వండుకోవాలి అనుకునే ఇంటికి అదే కదా కావాల్సింది? అందరికీ మొక్కులూ వాటాలూ ఉండవు.

సిద్దిపేట అమ్మ:

నేను వనరాజా పెంచుతున్నాను కాబట్టి మధ్యలో వస్తున్నా. ఇద్దరూ చెప్పనిది ఒకటుంది, మేత. నాటుకోడికి ఎంత వేసినా అవసరానికి మించి ఒళ్ళు చేయదు. వనరాజాకి ప్రేమకొద్దీ గింజలు పోస్తే కొవ్వు పట్టి గుడ్డు ఆగిపోతుంది. ఆరు నెలలకు పెట్ట రెండుంబావు, రెండున్నర కిలోల దగ్గర ఉండాలి. మూడు కిలోలు దాటిందంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, గుడ్లు మాత్రం రావు. మా పక్కింట్లో అలాగే అయ్యింది, ఈ రకమే దండగ అని తిట్టుకుంటూ కోసుకు తిన్నారు.

నేను చేసేది చెప్తాను. పొద్దుగూకే ముందు గూటికి వచ్చేటప్పుడు ఒక్కో పెట్టను పట్టుకుని మెడ కింద మేత సంచి తడుముతాను. నిండుగా, గట్టిగా తగిలితే ఆ రోజు బయట బాగా మేసినట్టే, ఇంకేమీ వేయను. మెత్తగా, ఖాళీగా ఉంటే గుప్పెడు నూకలూ తవుడూ కలిపి పెడతాను. రొమ్ము ఎముక కూడా తడమాలి. కత్తిలా తగిలితే బక్కచిక్కినట్టు, అసలు తగలకపోతే కొవ్వెక్కినట్టు. వారంలో ఒకసారి చూసుకున్నా చాలు. వానాకాలంలో చెదలు, పురుగులు దొడ్లో బోలెడు దొరుకుతాయి, అప్పుడు గింజ ఇంకా తగ్గించాలి. వేసవిలో బయట ఏమీ ఉండదు, అప్పుడు పెంచాలి. గుడ్డు పెంకు పల్చబడితే నత్తగుల్లలు దంచి ఒక చిప్పలో పెట్టండి, వాటికి కావాల్సినంత అవే తింటాయి.

నల్గొండ గారి అత్తమ్మ కోళ్ళను బాగా ఎరిగిన మనిషిలా ఉన్నారు. ఆమె చేతికిస్తే ఏ రకమైనా బతుకుతుంది. ఆమెను కాదని మీ ఆయన తెస్తే మాత్రం కష్టం, చూసుకునేది ఆమే కదా.

నల్గొండ పెరడు:

అందరికీ థాంక్స్. సిద్దిపేట అమ్మా, ఆ చివరి మాట మా ఆయనకి చదివి వినిపించాను, ఏమీ అనలేదు.

ఒక డౌటు. నాటుపెట్టలు ఉంచుకుని, వనరాజా గుడ్లు కొని వాటి కింద పొదిగిస్తే కుదరదా? అప్పుడు పిల్లకి తల్లి ఉంటుంది, రకమూ వస్తుంది కదా.

ఆస్టిన్ పెరడు:

కుదురుతుందండీ. నేను అమెరికాలో టెక్సస్‌లో ఉంటాను, ఇంటి వెనక కొన్ని కోళ్ళున్నాయి. ఇక్కడ గుడ్లకూ మాంసానికీ అని ఎక్కువమంది పెట్టుకునేది రోడ్ ఐలండ్ రెడ్. అవి కూడా పొదగడం అరుదు. పిల్లలు కావాలంటే పక్కింటి వాళ్ళ సిల్కీ పెట్ట కింద గుడ్లు పెడతాం. చిన్న పెట్ట, గుడ్లు తక్కువ పెడుతుంది, కానీ ఏ గుడ్డు పెట్టినా పొదుగుతుంది. బాగా గుడ్లు పెట్టే రకం ఎక్కడ తీసినా పొదుగు పోతోంది. పొదిగే పెట్ట ఒకటి ఎవరింట్లోనో ఉండక తప్పదు.

లెక్కల మాస్టారు:

నల్గొండ గారూ, మంచి దారి పట్టారు. కొన్ని జాగ్రత్తలు.

వనరాజా గుడ్డు పెద్దది. నాటుపెట్ట తన గుడ్లయితే పన్నెండు కప్పుకుంటుంది, వీటిని ఎనిమిది తొమ్మిదికి మించి పెట్టకండి. అంచున ఉన్న గుడ్డు చల్లబడి మురిగిపోతుంది. గుడ్లు వారం దాటినవి వద్దు, ఎండాకాలమైతే మూడు నాలుగు రోజుల లోపువే తీసుకోండి. ఏడో రోజు రాత్రి చీకట్లో సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డు పెట్టి చూస్తే ఎర్రటి నరాలు సాలెగూడులా కనబడాలి. ఏమీ లేకుండా తేటగా ఉంటే తీసేయండి.

గుడ్లు ఎక్కడివి అన్నది ముఖ్యం. పేరెంట్ ఫారం నుంచి, అంటే ఆ రెండు లైన్లనూ పెంచి గుడ్లు తీసే చోటు నుంచి, వచ్చినవైతేనే వనరాజా పిల్ల. ఎవరి పెరట్లోనో వనరాజా పెట్ట పెట్టిన గుడ్డయితే, గోదారి గారు చెప్పినట్టు ఒక్కోటి ఒక్కోలా వస్తుంది. పెరట్లో కూర కోసం అయితే అదీ పర్వాలేదు, అలాగని అందరికీ చెప్పి అమ్మకండి.

వరంగల్ సంత:

అమ్మకం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఊళ్ళలో వనరాజా పుంజుని నాటుకోడి అని చెప్పి నాటు రేటుకే అమ్ముతున్నారు. రంగు ఈకలు చూసి కొనేవాళ్ళు నమ్ముతున్నారు. ఇది మోసం కాదా? ఒక నర్సరీ వాళ్ళు నాకు పిల్లలు అమ్ముతూ "ఎవరూ కనిపెట్టలేరు, నాటని చెప్పుకోండి" అని సలహా కూడా ఇచ్చారు.

కరీంనగర్ నర్సరీ:

అది నేను కాదు, నేనెవరికీ అలా చెప్పను. అయినా బయట తిరిగి మేసి పెరిగిన కోడి, ఐదారు నెలల వయసు, మాంసం గట్టిగా ఉంటుంది. బ్రాయిలర్‌తో పోలిక లేదు. రేటు బాగా రావడంలో తప్పేముంది?

గోదారి పుంజులు:

రేటు రావడంలో తప్పు లేదు. పేరు మార్చడంలో తప్పుంది. వనరాజా అని చెప్పి అమ్ము, కొనేవాడు కొంటాడు. నాటు అని చెప్పి అమ్మితే, రేపు సంతలో నిజంగా నాటుకోడి తెచ్చిన ముసలమ్మ మాట ఎవరూ నమ్మరు. నాటుకోడికి ఆ రేటు వచ్చిందంటే ఆమె లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పెంచిన నమ్మకం వల్లే. దాన్ని వాడుకుని దాన్నే పాడుచేయడం ఇది. తెలిసినవాళ్ళకి దొరక్కుండా ఏమీ ఉండదు, కాలి మందం చూసి, రొమ్ము పట్టుకుని చెప్పేస్తారు.

ఇంకోటి. నల్గొండ చెల్లెమ్మా, నాటుపెట్టలూ వనరాజాలూ ఒకే పెరట్లో ఉంచితే వనరాజా పుంజుని మాత్రం ఉంచకు. మూడున్నర కిలోల పుంజు కిలోన్నర కూడా లేని పెట్ట మీద ఎక్కితే వీపు మీద ఈకలు ఊడిపోతాయి, గీరుకుపోయి పుండ్లు పడతాయి. అది ఒక ఎత్తు. రెండు మూడు తరాలకు మీ నాటురక్తం మొత్తం కలిసిపోతుంది, అది మళ్ళీ ఎంత డబ్బు పెట్టినా దొరకదు. ఒక్క ఆంధ్రాలోనే అసీల్, ఘాగస్, కాళస్తి, డంకి అని గుర్తింపు పొందిన జాతులున్నాయి. ఏ పేరూ లేని మీ దొడ్లో పెట్టలు కూడా ఆ ఎండకీ ఆ తెగుళ్ళకీ నిలబడి వచ్చినవే.

మన్యం బాట:

మా పక్క ఊళ్ళో అదే జరిగింది. ఇప్పుడు ఉన్నవి అటు వనరాజా కావు, ఇటు నాటువి కావు. సగం పెట్టలు పొదుగు మీద కూర్చుంటాయి, నాలుగు రోజులకు లేచి వెళ్ళిపోతాయి. గుడ్లన్నీ మురిగిపోతాయి.

సిద్దిపేట అమ్మ:

గుడ్లే ముఖ్యం అనుకుంటే వనరాజా ఎందుకు, గ్రామప్రియ అడగండి. అదీ ఆ సంస్థదే. పెట్ట ఆరు నెలలకు 1.6, 1.8 కిలోలే ఉంటుంది, ఒళ్ళు తేలిక, చురుగ్గా తిరుగుతుంది, పెరట్లో 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. వనరాజాలో నాకు వచ్చిన కొవ్వు టెన్షన్ దీనికి తక్కువ. మాంసం కోసం నాటుపిల్లలు ఎలాగూ ఉంటాయి. మన వెటర్నరీ యూనివర్సిటీ వాళ్ళ రాజశ్రీ కూడా ఉంది, అదీ పెరటికే. మీ సంఘం వాళ్ళని అడిగి చూడండి, ఒక్క వనరాజానే అని ఎందుకు?

పశుమిత్ర:

అమ్మ చెప్పింది నాకు నచ్చింది. అయితే గ్రామప్రియకి పెంకు గట్టిపడే మేత ఇంకా ఎక్కువ కావాలి, అన్ని గుడ్లు పెడుతుంది కాబట్టి. నత్తగుల్లల చిప్ప ఎప్పుడూ ఖాళీ కాకూడదు.

నల్గొండ గారూ, టీకా సీసా విషయం మీ సంఘంలోనే తేల్చుకోవచ్చు. సంఘంలో పది పదిహేను ఇళ్ళు ఉంటాయి కదా. ఇంటికి పది కోళ్ళు వేసుకున్నా వంద దాటుతాయి. అందరూ ఒకే రోజు, పొద్దున్నే గంప లేపకముందు వేయించుకుంటే ఒక్క సీసా సరిపోతుంది. గంప కింద ఉన్నప్పుడైతే పట్టుకోవడం తేలిక, ఒకసారి బయటికి వదిలారంటే మధ్యాహ్నం దాకా పరుగులే. కొత్త పిల్లల తేదీకి నాటువాటి తేదీ కూడా కలిపి రాసుకోండి. పశువుల ఆస్పత్రిలో ముందే చెబితే ఐసు డబ్బాతో వస్తారు.

నల్గొండ పెరడు:

అత్తమ్మతో కూర్చుని మొత్తం చదివాను. సంఘంలో అడిగితే గ్రామప్రియ కూడా ఇప్పించగలరట, కాకపోతే పది రోజులు ఆలస్యం. మేము ఇరవై కాదు, పది గ్రామప్రియ పిల్లలకే పేరు ఇస్తున్నాం. వాటిలో పుంజులు వస్తే పెద్దవి కాకముందే కూరకి పోతాయి, నాటుపెట్టల్లోకి కలవనివ్వం. ఎనిమిది నాటుపెట్టలూ ఉంటాయి. అత్తమ్మ ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది. టీకా రోజు ముందు ఆమె పెట్టలకే వేయాలట, కొత్తవాటికి తర్వాత.

ముళ్ళకంచె పక్కన పాత కొట్టం ఉంది, దానికి వల కొట్టించి కొత్త పిల్లల్ని రెండు వారాలు అందులో ఉంచుతాం.

గోదారి పుంజులు:

పది అయినా నేను వద్దనే అంటాను చెల్లెమ్మా. ఆ డబ్బుతో వల కొట్టించి, నాటుపిల్లలకే మొదటి నెల గంప కింద మంచి దాణా పెట్టు, టీకా వేయించు. మాస్టారు చెప్పిన ఏడెనిమిది పిల్లలు నిలుస్తాయి. కొత్త రకం వచ్చాక మెల్లగా మనసు దాని మీదికే పోతుంది, నాటువాటిని పట్టించుకోవడం తగ్గుతుంది. ఇళ్ళలో జరిగేది అదే.

కరీంనగర్ నర్సరీ:

పట్టించుకునే మనిషి ఇంట్లో ఉంది కదా అన్నా. అక్కా, గ్రామప్రియ పిల్లలు తెచ్చుకునేటప్పుడు పుట్టిన రోజే మారెక్స్ (కాళ్ళు పడిపోయే జబ్బు) టీకా పడిందా, లసోటా ఎన్నిసార్లు పడింది, తేదీలు ఏమిటి అని కాగితం మీద రాయించుకోండి. రాసివ్వనన్నవాళ్ళ దగ్గర తీసుకోవద్దు. ఆ తేదీలు ఉంటేనే ఆర్‌టూబీ ఎప్పుడు వేయాలో మీ పశుమిత్రకి తెలుస్తుంది.